మధురపూడి పంకా విమానం

పిల్లలూ! రాజమండ్రికి ఉత్తరంగా సుమారు 18 కిలోమీటర్ల దూరాన మధురపూడి అనే ఊరున్నది. రాజమండ్రి విమానాశ్రయం ఉన్నది అక్కడే. మీలో కోరుకొండ నరసింహస్వామి కొండ మెట్లు ఎక్కినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు తుమ్మెద రొదలాంటి మోత విని తలెత్తి చూసే ఉంటారు. రెక్కలు వీపు మీద, ఒక్కొక్క రెక్కకు ఒక్కొక్క పంకా, పొట్టకు ఆనుకుని చక్రాలు - ఇట్లాంటి విమానం ఒకటి మెల్లిగా వంగి మధురపూడి వైపు దిగిపోతుంది. అది ఏటీఆర్ విమానం. హైదరాబాదు నుంచి గంటసేపట్లో వచ్చేస్తుంది.

మొదటిసారి దాన్ని ఎక్కబోయే పిల్లలు తెల్లబోతారు. "ఇదేమిటి, సినిమాలో విమానంలా లేదే! పంకాలున్న పాత విమానం ఎక్కిస్తున్నారేమిటి?" అని అడుగుతారు. పెద్దవాళ్ళు కూడా పైకి అనరుగాని అట్లాగే అనుకుంటారు. పైగా ముందువైపు తలుపు నుంచి సామాను ఎక్కిస్తూ, మనుషులను తోక దగ్గరి తలుపు నుంచి ఎక్కిస్తారు. అదంతా బస్సు వ్యవహారంలా ఉంటుంది. కాని పంకా ఉన్నంత మాత్రాన అది పాతకాలపు యంత్రం కాదు. ఆ పంకా వెనక దాక్కుని ఉన్నది అచ్చంగా జెట్ యంత్రమే!

అదెట్లాగో చెబుతాను. యంత్రం ముందునుంచి గాలిని పీల్చి, దాన్ని గట్టిగా నొక్కి, అందులో ఇంధనం చిమ్మి మండిస్తుంది. (ఆ ఇంధనం మన కిరసనాయిలు జాతిదే, మరింత శుద్ధి చేసినది.) మండిన వాయువు విపరీతమైన వేగంతో వెనక్కి పరిగెత్తుతుంది. దాని దారిలో టర్బైన్ అనే పళ్ళచక్రంలాంటి చక్రం ఉంటుంది. జెట్ విమానంలో ఆ వాయువు కొంత ఈ చక్రాన్ని తిప్పి, మిగిలినది వెనక్కి తన్నుకుపోతుంది. పంకా విమానంలో మట్టుకు వాయువుకున్న బలమంతా దాదాపు చక్రాన్ని తిప్పటానికే సరిపోతుంది. ఆ చక్రం, మధ్యలో కొన్ని పళ్ళచక్రాల సహాయంతో, బయట ఉన్న పంకాను తిప్పుతుంది. టర్బైన్ తిప్పే ప్రొపెల్లరు కనక దీనికి టర్బోప్రాప్ అని పేరు వచ్చింది. ఇటువంటి విమానాలలో మొట్టమొదట ప్రయాణికులను మోసినది ఇంగ్లండులో తయారైన వైకౌంట్. అది 1948లో తొలిసారి ఎగిరింది. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ కూడా 1957 నుంచి వైకౌంట్లు నడిపింది.

మరి జెట్ ఉండగా పంకా ఎందుకు? గోదావరిలో పడవ నడిపేవాడిని చూడండి. వెడల్పాటి తెడ్డుతో బోలెడు నీళ్ళను మెల్లిగా వెనక్కి తోస్తాడు, పడవ హాయిగా ముందుకు పోతుంది. అదే పడవలో కూర్చుని సన్నని గొట్టంతో నీళ్ళను బలంగా వెనక్కి చిమ్మినా పడవ కదులుతుంది, కాని చాలా శ్రమ వృథా అవుతుంది. తక్కువ వేగంలో పోవటానికి ఎక్కువ గాలిని మెల్లిగా తోయటం లాభం. పంకా చేసే పని అదే. ఎక్కువ వేగం కావాలంటే మాత్రం పంకా పనికిరాదు. దాని రెక్కల కొసలు ధ్వని వేగాన్ని సమీపించేసరికి మోత పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. అందుకే ఏటీఆర్ గంటకు సుమారు 500 కిలోమీటర్లతో తృప్తిపడుతుంది. జెట్లు 800 పైచిలుకు పోతాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. గంటసేపు ఎగరటానికి ఏటీఆర్-72కు ఉజ్జాయింపున 700 కిలోల ఇంధనం కావాలి. 180 మంది పట్టే ఎయిర్‌బస్ జెట్‌కు సుమారు 2,400 కిలోలు కావాలి. ఒకనాడు రాజమండ్రి నుంచి హైదరాబాదు వెళ్ళేవాళ్ళు 60 మందే ఉన్నారనుకోండి. ఏటీఆర్‌లో తలకు 12 కిలోలు చాలు, జెట్‌లో 40 కిలోలు! జెట్ పదో పదిహేనో నిమిషాలు ముందు చేరుతుంది, నిజమే. కాని అది పైకెక్కి తన అసలు వేగం అందుకునే లోపలే దిగవలసిన వేళ అవుతుంది.

కోనసీమ పిల్లలకు ఇది ఇంకా తేలికగా అర్థమవుతుంది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి ఎన్నో ఏళ్ళుగా జనం వశిష్ఠ గోదావరిని పంటు మీద దాటారు. కాకినాడ రేవుకు వచ్చే ఓడ పంటు కంటె వంద రెట్లు పెద్దది. అయినా ఓడ వచ్చి ఆ రేవు దాటించలేదు గదా!

రన్‌వే సంగతి కూడా ఇట్లాంటిదే. మధురపూడి విమానాశ్రయం బ్రిటిషువాళ్ళ నాటిది. అక్కడి రన్‌వే చాలాకాలం 1,749 మీటర్లు మాత్రమే ఉండేది. ఏటీఆర్‌కు నిండా బరువున్నా సుమారు 1,300 మీటర్లు చాలు కనక దానికి ఇబ్బంది లేదు. నిండుగా ఉన్న పెద్ద జెట్‌కు మట్టుకు అది చాలదు. అంటే రాజమండ్రికి విమానం అంటూ వచ్చిందంటే, అది పంకాల పుణ్యమే.

ఎవరెవరు వచ్చారో మీ తాతగారిని అడగండి, వేళ్ళు మడుస్తూ చెబుతారు. చిన్న ఊళ్ళను విమానాలతో కలపటానికి ప్రభుత్వం 1981లో వాయుదూత్ అనే సంస్థను పెట్టింది. ఆ దశకంలోనే వాయుదూత్ వారి డోర్నియర్ విమానాలు రాజమండ్రికి వచ్చాయి. అందులో 19 మంది మాత్రమే కూర్చోవచ్చు. పెళ్ళివారి బస్సు అంత కూడా ఉండదన్నమాట. నష్టాలు పెరిగి 1993లో వాయుదూత్‌ను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలపాలని నిర్ణయించారు. తరవాత కొన్నేళ్ళు మధురపూడి ఇంచుమించు నిశ్శబ్దంగా ఉండిపోయింది. 2000 తరవాత ఎయిర్ దక్కన్ వచ్చింది, కింగ్‌ఫిషర్ వచ్చింది, జెట్ ఎయిర్‌వేస్ వచ్చింది - మూడింటివీ ఏటీఆర్‌లే. ఎయిర్ దక్కన్ కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది, ఆ కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో నేలకు దిగింది. ఈ మధ్యలో, 2011లో, స్పైస్‌జెట్ సంస్థ కెనడాలో చేసిన క్యూ-400 అనే పంకా విమానాలు కొని హైదరాబాదు కేంద్రంగా నడిపింది. 2015 జులైలో హైదరాబాదులోనే పుట్టిన ట్రూజెట్ తన ఏటీఆర్‌లతో తిరుపతికీ రాజమండ్రికీ కడపకూ తిరిగింది. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది. 2017 చివర ఏటీఆర్‌లు నడపటం మొదలుపెట్టిన ఇండిగో సంస్థ రాజమండ్రికి వాటిని తెచ్చింది.

ఇన్ని పేర్లు మారినా కొండమీద నుంచి వినబడే మోత మారలేదు. రంగులు మారాయి, అంతే.

ఈ కంపెనీలు మూతపడినప్పుడు విమానాలేమయ్యాయని మీరు అడగవచ్చు. మన దేశంలో తిరిగే విమానాలలో చాలా భాగం అద్దెకు తెచ్చినవే. సైకిలు అద్దెకు తెచ్చుకుని, అద్దె కట్టలేకపోతే దుకాణంవాడు వచ్చి తీసుకుపోయినట్టే, విదేశాలలో ఉన్న అసలు సొంతదారులు విమానాలను తీసుకుపోయి మరొకరికి ఇస్తారు. నిన్న రాజమండ్రిలో దిగిన విమానం రేపు ఏ ద్వీపంలోనో మరో పేరుతో దిగవచ్చు.

ఇక అసలు చిక్కు ఏమిటంటే, విమానాలు ముసలివవుతాయి. మనకు ఏళ్ళు నిండినట్టు కాదు, వాటికి ప్రయాణాలు నిండుతాయి. పనికిరాని కట్టుకంబి ముక్క ఒకటి తీసుకుని, పెద్దవాళ్ళు దగ్గర ఉండగా, ఒకసారి వంచి చూడండి. ఏమీ కాదు. అటూ ఇటూ పదే పదే వంచండి. వేడెక్కి, కాసేపటికి పుటుక్కున తెగుతుంది. ఏ ఒక్క వంపూ దాన్ని తెంచలేదు, అన్నీ కలిసి తెంచాయి. దీన్ని లోహపు అలసట అంటారు.

విమానం 20,000 అడుగుల ఎత్తుకు పోయిందంటే బయట గాలి ఒత్తిడి నేలమీద ఉన్న దానిలో సగం కూడా ఉండదు. మనం ఊపిరి పీల్చాలి కనక లోపల గాలిని ఒత్తి ఉంచుతారు. అందుచేత పైకెక్కిన ప్రతిసారీ విమానం శరీరం బుడగలాగా రవ్వంత ఉబ్బుతుంది, దిగగానే మళ్ళీ యథాస్థితికి వస్తుంది. మన కంటికి కనబడదు గాని లోహానికి తెలుస్తుంది. ఈ సంగతి ప్రపంచానికి చాలా కష్టంగా తెలిసివచ్చింది. ప్రయాణికులను మోసిన మొదటి జెట్ విమానం కామెట్. 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, రెండు కామెట్లు మధ్యధరా సముద్రం మీద ఆకాశంలోనే విచ్చిపోయాయి. కారణం తెలియలేదు. అప్పుడు ఇంగ్లండులో ఫార్న్‌బరో అనే చోట శాస్త్రజ్ఞులు మరొక కామెట్‌ను పెద్ద నీళ్ళతొట్టిలో పెట్టి, లోపలికి నీళ్ళు ఒత్తటం, వదలటం, మళ్ళీ ఒత్తటం మొదలుపెట్టారు. ఒక్కొక్క ఒత్తిడి ఒక్కొక్క ప్రయాణం కింద లెక్క. అది అంతకుముందు ఎగిరినవీ ఇవీ కలిపి సుమారు 3,000 ప్రయాణాలయ్యేసరికి దాని శరీరం చీలిపోయింది. ఎగరకుండా తొట్టిలో కూర్చునే అది రహస్యం చెప్పింది! ఆ తరవాత కట్టిన ప్రతి విమానానికీ ఎన్ని ప్రయాణాలు తట్టుకోగలదో ముందే లెక్క కడుతున్నారు.

ఇప్పుడు ఆలోచించండి. అమెరికా వెళ్ళే పెద్ద విమానం రోజుకు ఒకటి రెండు సార్లు ఎక్కి దిగుతుంది. హైదరాబాదు, రాజమండ్రి, తిరుపతి, విజయవాడల మధ్య తిరిగే చిన్న విమానం రోజుకు ఎనిమిది సార్లు ఎక్కి దిగవచ్చు. మరమ్మతు రోజులు తీసివేసినా ఏడాదికి 2,500 ప్రయాణాలు. పదేళ్ళకు 25,000. అంటే చిన్న విమానం ఎంత దగ్గరి ఊళ్ళకు తిరిగితే అంత తొందరగా ముసలిదవుతుంది. చక్రాలు, వాటి కాళ్ళు, బ్రేకులు కూడా అంతే, దిగిన ప్రతిసారీ అరుగుతాయి.

అట్లా అని పాత విమానం అంటే ప్రమాదమని భయపడకండి. రాజమండ్రి హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా దాదాపు నూరేళ్ళు రైళ్ళను మోసింది. కనిపెట్టి చూసుకునేవాళ్ళు ఉంటే వయసుకు భయం లేదు. విమానాలకు కూడా ఇన్ని గంటలకొకసారి, ఇన్ని ప్రయాణాలకొకసారి అని పరీక్షలున్నాయి. పెద్ద పరీక్షలో లోపలి సీట్లు, గోడలు ఊడదీసి, కంటికి కనబడని పగుళ్ళను శబ్దతరంగాలతోను విద్యుత్తుతోను వెతుకుతారు. కెనడావారి మొదటి రకం డాష్-8 విమానాలకు 80,000 ప్రయాణాల ఆయుష్షు పెట్టారు. తరవాత లెక్కలు చూసి, కొన్ని భాగాలు మార్చి, గట్టి పరీక్షలు జరిపితే 1,20,000 దాకా నడపవచ్చునని తేల్చారు. కాని ముసలి విమానానికి వైద్యం ఖర్చెక్కువ. ఎక్కువ రోజులు పడకలో ఉంటుంది. పడకలో ఉన్న విమానం టిక్కెట్టు డబ్బు సంపాదించదు, అద్దె మాత్రం కట్టించుకుంటుంది!

ఇందుకు దగ్గర ఉదాహరణ అలయన్స్ ఎయిర్. ఇది 1996లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు అనుబంధంగా పుట్టింది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి పోయినప్పుడు ఇది మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. దీని బలగమంతా దాదాపు ఏటీఆర్‌లే. 72-600 అనే రకం ఏటీఆర్‌లు 2014 చివర దీనికి రావటం మొదలయింది, అంటే వాటిలో పాతవి పదేళ్ళు దాటినవన్నమాట. విడిభాగాలు సమయానికి దొరక్క కొన్ని విమానాలు నెలల తరబడి నేలమీద నిలిచిపోయిన సందర్భాలున్నాయి. ఒక విమానం నిలిచిపోతే అది వెళ్ళవలసిన నాలుగైదు ఊళ్ళు ఆ రోజు ఎదురుచూస్తూ కూర్చుంటాయి. 2025 అక్టోబరులో రాజమండ్రి నుంచి తిరుపతికి నేరుగా విమానం వేసినది ఈ సంస్థే. వెంకన్న దర్శనానికి రాత్రంతా రైల్లో కూర్చునే ముసలమ్మలకు అది చిన్న సంగతి కాదు.

పాతవి పోతే కొత్తవి కొనుక్కోకూడదా? కొనుక్కోవచ్చు, కాని అమ్మేవాళ్ళేరీ! ఒకప్పుడు ఇట్లాంటి విమానాలను హాలండులో, స్వీడనులో, ఇంగ్లండులో, కెనడాలో చేసేవారు. ఒక్కొక్కరే మానుకున్నారు. కెనడావారు కూడా 2021లో డాష్-8 తయారీ ఆపివేశారు. ఇప్పుడు పాశ్చాత్య దేశాలలో 70 మంది పట్టే పంకా విమానం చేసేది ఫ్రాన్సు, ఇటలీ కలిసి పెట్టుకున్న ఏటీఆర్ సంస్థ ఒక్కటే. అదైనా 2024 సంవత్సరం మొత్తం మీద ఇచ్చిన విమానాలు 35. ప్రపంచమంతా వాటి కోసమే వరసలో నిలబడాలి.

మన దేశానికి ఈ విద్య బొత్తిగా తెలియనిది కాదు. కాన్పూరులో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారు అవ్రో-748 అనే పంకా విమానం కట్టి 1961 నవంబరులోనే ఎగరేశారు. అక్కడే చేసిన 19 సీట్ల డోర్నియర్‌ను అలయన్స్ ఎయిర్ 2022 ఏప్రిల్‌లో అస్సాంలోని డిబ్రూగఢ్ నుంచి అరుణాచల్‌లోని పాసీఘాట్‌కు నడిపింది. కాని 70 మంది పట్టే విమానం సొంతంగా చేసే పని ఏళ్ళ తరబడి ఆలోచనలలోనే ఉండిపోయింది. ఇది నాకు కొంచెం కష్టంగానే తోస్తుంది. చంద్రుడి మీదికి యంత్రాన్ని దింపినవాళ్ళం గదా!

ప్రభుత్వం ఊరుకుని కూర్చోలేదు. 2016లో ఉడాన్ అనే పథకం పెట్టి, చిన్న ఊళ్ళకు తిరిగే విమానాలకు మూడేళ్ళ పాటు నష్టం భర్తీ చేస్తామన్నది. కొన్ని సీట్లకు గంట ప్రయాణానికి 2,500 రూపాయలే టిక్కెట్టు. 2017 ఏప్రిల్ 27న ఈ పథకం కింద మొదటి విమానాలు ఎగిరినప్పుడు వాటిలో కడప నుంచి హైదరాబాదు వచ్చిన ట్రూజెట్ విమానం ఒకటి. తరవాత ఏమయిందో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ సంస్థ 2023లో చెప్పింది. 774 దారులు కేటాయిస్తే 371 మొదలయ్యాయి. మూడేళ్ళూ పూర్తిగా నడిచినవి 112. మూడేళ్ళు గడిచి సహాయం ఆగిన తరవాత కూడా 2023 మార్చి నాటికి నిలిచినవి 54. విమానాలు చాలకపోవటం ఒక కారణం, ఎక్కేవాళ్ళు చాలకపోవటం ఒక కారణం. రెండోదానికి మీ నాన్నగారి జేబు కూడా జవాబు చెప్పాలి. హైదరాబాదుకు రాత్రి గౌతమి ఎక్కి తెల్లవారి దిగితే ఖర్చు తక్కువ. 2023 జనవరి నుంచి విశాఖపట్నం, సికిందరాబాదుల మధ్య వందేభారత్ కూడా రాజమండ్రి మీదుగా పోతున్నది.

మధురపూడిలోనూ మార్పు వచ్చింది. రన్‌వేను 3,165 మీటర్లకు పొడిగించారు. 2024 డిసెంబరులో బొంబాయికీ ఢిల్లీకీ నేరుగా పెద్ద జెట్లు మొదలయ్యాయి. కొత్త టెర్మినల్ భవనానికి 2023లో శంకుస్థాపన జరిగింది. ఢిల్లీ వెళ్ళేవాళ్ళకు సంతోషమే. కాని ఢిల్లీ జెట్ తిరుపతి వెళ్ళే 40 మంది కోసం ఆగదు. ఏటీఆర్‌లు ముసలివై ఒకటొకటే తప్పుకుంటే, వాటి చోట కొత్తవి రాకపోతే, దగ్గరి ఊళ్ళ దారులే ముందు మూతపడతాయి. దూరపు ఊళ్ళ దారులు నిలుస్తాయి. రాజమండ్రి నుంచి ఢిల్లీ చేరటం సుళువై, తిరుపతి చేరటం కష్టమైతే విడ్డూరంగా ఉండదూ?

విద్యుత్తుతో ఎగిరే విమానాలు వస్తాయని మీరు చదివి ఉంటారు. ప్రయత్నాలు జరుగుతున్నవి. ఒక కిలో కిరసనాయిలులో ఉన్న శక్తి దాచాలంటే సుమారు 40 కిలోల బ్యాటరీలు కావాలి, అదీ తంటా. 2023 మార్చిలో అమెరికాలో ఒక పాత డాష్-8కు ఒకవైపు యంత్రం తీసి, హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించి పంకాను తిప్పే మోటారు పెట్టి ఎగరేశారు. విమానం చక్కగా ఎగిరింది. మరుసటి ఏడే డబ్బు చాలక ఆ కంపెనీ మూతపడింది. ముసలి పంకా విమానమే కొత్త విద్యకు బడి అయిందన్నమాట. బరువు తక్కువ, దూరం తక్కువ, వేగం తక్కువ కనక కొత్త యంత్రాలను మొదట పరీక్షించేది ఇట్లాంటి వాటిమీదే.

ఈసారి మధురపూడి వెళ్ళినప్పుడు రెండు సంగతులు గమనించండి. ఏటీఆర్ నిలబడి ఉండగా కుడివైపు యంత్రం మోగుతూనే ఉంటుంది గాని పంకా కదలకుండా ఉండవచ్చు. చెడిపోయిందనుకోకండి. పంకాకు బ్రేకు వేసి, లోపల దీపాలకూ చల్లగాలికీ ఆ యంత్రాన్ని నడుపుతారు. రెండోది, తోక దగ్గర వీటీ అనే రెండక్షరాలు, గీత, తరవాత మరి మూడు అక్షరాలు ఉంటాయి. మన దేశపు విమానాలన్నిటికీ మొదటి రెండూ అవే. తరవాతి మూడే ఆ విమానం సొంత పేరు. ఆ మూడు అక్షరాలు పుస్తకంలో రాసుకుని పక్కన తేదీ వేసుకోండి. వచ్చే ఏడు అదే విమానం దిగిందేమో చూసి, పక్కన మరో తేదీ వేయండి.